టీవీ మూత వెనక ఉండే డయాగ్రం గ్రాఫిక్స్ కార్డుకు ఎందుకు లేదు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఈ-వ్యర్థాల మీద వచ్చిన కథనాన్ని మా నాన్న పైకి చదివి వినిపించారు. నేను పక్కన కూర్చుని ఒక పెళ్ళి వీడియో మిక్సింగ్ చేస్తున్నాను. 'పాడైపోయిన కంప్యూటర్ బోర్డులను ఇంట్లో దాచుకోకుండా సేకరణ కేంద్రాలకు ఇచ్చేయాలి' అన్న వాక్యం దగ్గర ఆయన ఆగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, 'పాడైపోయాయని ఎవరు తేల్చారట?' అన్నారు. ఈ ఉత్తరం ఆ ప్రశ్న వల్లే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, కత్తిరించుకోండి.

మాది విజయవాడ సత్యనారాయణపురం. పదహారేళ్ళుగా పెళ్ళి వీడియోల మిక్సింగ్, ఆల్బమ్ డిజైనింగ్ ఇంట్లోనే చేస్తున్నాను. నాన్న టీవీ మెకానిక్. డయనోరా, సాలిడేర్ సెట్ల కాలం మనిషి. ఎల్‌సీడీలు వచ్చాక షాపు మూసేశారు గానీ సామాను పెట్టె మాత్రం మంచం కింద అలాగే ఉంది.

2021లో నేను ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్లో బొమ్మలు, వీడియోల పని చూసే బోర్డు కొన్నాను. అప్పుడు కార్డులు దొరకని రోజులు. ఆ కార్డులతో క్రిప్టో కరెన్సీ (డిజిటల్ నాణేలు) తవ్వేవాళ్ళు ఉన్నవన్నీ ఎగరేసుకుపోవడంతో అసలు ధరకు దాదాపు రెట్టింపు పోసి, యాభై రెండు వేలకు తెచ్చుకున్నాను. 2024 ఫిబ్రవరిలో, సరిగ్గా మాఘమాసం ముహూర్తాల మధ్య అది పోయింది. స్విచ్ నొక్కితే ఫ్యాన్లు ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయేవి. కార్డు పీకేస్తే సిస్టమ్ మామూలుగా లేచేది. చేతిలో మూడు పెళ్ళిళ్ళున్నాయి. ఒక పెళ్ళికూతురి తండ్రి రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఆ టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా కడుపులో తిప్పుతుంది.

వారంటీ ఇంకా ఉంది కదా అని సర్వీసు సెంటరుకు పట్టుకెళితే, బిల్లు మీద సీరియల్ నంబరు లేదు కాబట్టి చెల్లదన్నారు. అమ్మినాయన నంబరు వేయకపోతే అది నా తప్పెలా అయిందో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. ఆ తర్వాత ఒక షాపులో ఇచ్చాను. తొమ్మిది రోజులు ఉంచుకుని, 'చెక్ చేశామమ్మా, చిప్పే పోయింది, కొత్తది తీసుకోండి' అని తిరిగిచ్చారు. ఇంటికొచ్చి చూస్తే వెనక స్క్రూ మీద అంటించిన కాగితం సీలు చిరగను కూడా లేదు. మూత తీయకుండానే లోపల చిప్పు పోయిందని చెప్పిన ఆ జ్యోతిష్యానికి రెండు వందలు కట్టాను.

ఆ వేసవిలో మూఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, పని లేదు. ఎటూ పోయిందే కదా, ఇక మనం చెడగొట్టేదేముంది అని కార్డు విప్పి నాన్న ముందు పెట్టాను. ఆయన భూతద్దంతో చాలాసేపు చూసి మొదట అడిగింది ఒకటే: 'డయాగ్రం ఏదమ్మా?'

లేదన్నాను. ఆయన నమ్మలేదు. ఆయన రోజుల్లో చాలా సెట్లకు వెనక మూత లోపలే సర్క్యూట్ డయాగ్రం అంటించి ఉండేది, లేకపోతే సెట్టుతో వచ్చిన పుస్తకంలో ఆఖరి పేజీ మడతల్లో ఉండేది. ఏ రెసిస్టెన్స్ (కరెంటును కట్టడి చేసే భాగం) ఎంత, ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులు రావాలి, అన్నీ అచ్చువేసి ఇచ్చేవారు. 'నాలుగు వేల టీవీకి ఇచ్చారు, యాభై వేల కార్డుకి ఇవ్వరా?' అన్నారు. కంపెనీకి మెయిల్ పెట్టాను. అధీకృత సర్వీసు సెంటరును సంప్రదించమని జవాబు వచ్చింది. ఆ సెంటరు వాళ్ళు బోర్డు రిపేరు చేయరు, మారుస్తారంతే. నాకు మార్చనూ లేదు.

సరే, డయాగ్రం లేకుండానే మొదలుపెట్టాం. ఇక్కడ చదివేవాళ్ళకు కాస్త ఓపిక కావాలి. ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డు అనగానే అందరూ ఆ మధ్యలో ఉన్న పెద్ద చిప్పునే తలుచుకుంటారు. నాన్న మాత్రం చూడగానే 'ఇందులో ముప్పాతిక భాగం కరెంటు వ్యవహారమే' అన్నారు. నిజమే. మదర్‌బోర్డు స్లాటు నుంచి 75 వాట్లు, పైన పెట్టే ఎనిమిది పిన్నుల కేబుల్ నుంచి 150 వాట్లు తీసుకునే వీలుంటుంది. నా కార్డు తినేది 170. వచ్చేది 12 వోల్టులు, చిప్పుకు కావలసింది ఒక వోల్టు చుట్టుపక్కల. అంటే ఆ కాస్త జాగాలో పన్నెండును ఒకటికి దించాలి, దించినప్పుడు కరెంటు వంద ఆంపియర్ల దాకా వెళుతుంది. మా ఇంటి మెయిన్ కూడా అంత మోయదని నాన్న నవ్వారు. ఆ దించే పని మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా వేస్తూ ఆపుతూ ఉండే స్విచ్చులు), కాయిల్స్ (తీగ చుట్లు), కెపాసిటర్లది (కరెంటును కాస్త నిల్వ ఉంచుకునేవి). ఎక్కువగా చచ్చేవి అవే. చచ్చినా పర్లేదు, మార్చుకోవచ్చు.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. కార్డు మీద వోల్టేజీలన్నీ ఒకేసారి రావు. ముందు 5 వోల్టులు, తర్వాత 1.8, తర్వాత పెద్ద చిప్పుది, ఆ తర్వాత మెమరీది, ఇలా ఒక వరస ఉంటుంది. కార్డును బట్టి కాస్త అటూ ఇటూ మారినా, చాలాచోట్ల ముందుది సరిగ్గా వచ్చిందని సంకేతం అందితేనే తర్వాతది మొదలవుతుంది. పెళ్ళి వీడియోలు కోసి కోసి బతికేదాన్ని కాబట్టి నాకు వెంటనే తలకెక్కింది: జీలకర్ర బెల్లం పెట్టకుండా తాళి కట్టరు, తాళి కట్టకుండా తలంబ్రాలు పొయ్యరు. తలంబ్రాలు ఎందుకు పడలేదని తలంబ్రాల పళ్ళెం దగ్గర వెతికితే లాభం లేదు, తంతు ఎక్కడ ఆగిందో చూడాలి.

నాన్న పద్ధతి ఇది. ముందు కళ్ళతో చూడు, తర్వాత ముక్కుతో వాసన చూడు, ఆ తర్వాతే మీటరు పట్టుకో. కళ్ళకు ఏమీ దొరకలేదు. మీటరు నేను పట్టుకున్నాను. ఆయన పాత ముల్లు మీటరు తీయబోతే నేను ఒప్పుకోలేదు. అందులోని బ్యాటరీ కరెంటు ఒక వోల్టు చిప్పు మీదికి పంపడం నాకు భయం. దీని మీద ఒక పూట మాటలు లేవు.

డిజిటల్ మీటరును బీప్ మోడ్‌లో పెట్టి చిప్పు పక్కన కాయిల్ మీద ప్రోబు ఆనించగానే కుయ్యిమంది. షార్ట్, అంటే కరెంటు అడ్డు లేకుండా సూటిగా పోతోందని! చిప్పు పోయిందన్న షాపాయన మాటే నిజమని ఏడుపొచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళందరూ పడే గోతిలోనే నేనూ పడ్డానని తర్వాత తెలిసింది. కరెంటుకు ఉండే అడ్డును ఓంలలో కొలుస్తారు. చాలా మీటర్లు 30, 50 ఓంల లోపు ఏదున్నా బీప్ కొడతాయి. ఈ పెద్ద చిప్పులకు, భూమికి (కరెంటు తిరిగిపోయే గ్రౌండ్ లైనుకు) మధ్య మామూలుగానే ఒక ఓం చుట్టూ ఉంటుంది, ఇంకా పెద్దవాటికి ఓంలో సగం కూడా ఉండదు. అది రోగం కాదు, దాని తత్వమే అంత. బీప్ నమ్మకూడదు, ఓంలలో అంకె చూడాలి. ఇదొక్కటి తెలియక ఎన్ని మంచి కార్డుల్ని చచ్చినవాటి లెక్కలో వేశారో దేవుడికే తెలియాలి.

అంకెలు రాసుకుంటూ వెళితే తేడా ఎక్కడుందో కనిపించింది. ఎనిమిది పిన్నుల సాకెట్ దగ్గర 12 వోల్టుల లైనుకు, భూమికి మధ్య వేల ఓంలు ఉండాల్సిన చోట 0.4 చూపించింది. ప్రోబులు రెండూ ఒకదానికొకటి తగిలిస్తేనే 0.2 చూపే మీటరు మాది. అంటే పక్కా షార్ట్. అందుకే స్విచ్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది.

షార్ట్ ఉందని తెలిసింది గానీ ఏది? ఆ లైను మీద మాస్‌ఫెట్లు, కెపాసిటర్లు కలిపి ముప్పై దాకా పక్కపక్కనే ఉన్నాయి, అన్నీ ఒకే తీగకు వేలాడుతున్న బట్టల్లాంటివి. డయాగ్రం ఉన్న రోజుల్లో ఒక్కోదాని కాలు లేపి చూసేవారట. వీటికి కాళ్ళే లేవు.

గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక కుర్రాడు ఉపాయం చెప్పాడు. డీసీ పవర్ సప్లైతో ఆ లైనులోకి ఒకే ఒక్క వోల్టు పంపాలి, కరెంటు అయిదు ఆంపియర్లు దాటకుండా కట్టడి పెట్టాలి. కరెంటంతా షార్ట్ ఉన్న దారినే పోతుంది, అది వేడెక్కుతుంది. థర్మల్ కెమెరా ఉంటే తెర మీద మెరుస్తుంది. మన దగ్గర ఎక్కడిది? బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బ్రష్‌తో పలచగా పూసి చూడమన్నాడు.

మే 19, ఆదివారం మధ్యాహ్నం. ఫ్యాన్ గాలికి ఆల్కహాల్ ఆరిపోతుందని ఫ్యాన్ ఆపేశాం. విజయవాడ మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోవడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. బోర్డంతా తడితో నల్లగా నిగనిగలాడుతోంది. నాన్న సప్లై ఆన్ చేశారు. మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. తర్వాత కల్లాపి చల్లిన వాకిట్లో ఎండ పడ్డ చోటే ముందు ఆరినట్టు, సాకెట్ వెనక వరసలో ఒకేచోట చిన్న గుండ్రం పొడిబారింది. దాని మధ్యలో నూకగింజంత కెపాసిటర్. పగుల్లేదు, నలుపు లేదు, పక్కవాటిలాగే బుద్ధిగా కూర్చుని ఉంది. మళ్ళీ పూశాం, మళ్ళీ అక్కడే ఆరింది. మూడోసారి నాన్న వేలు పెట్టి చూసి చురుక్కుమని తీశారు.

బ్లోయర్‌తో వేడిచేసి దాన్ని లేపేశాక మీటరు వేలల్లోకి వెళ్ళింది. నేను వెంటనే కంప్యూటర్లో పెట్టబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపి, అన్ని లైన్లూ మళ్ళీ మొదటి నుంచి కొలిపించారు. 12 వోల్టుల వైపు ఉండే మాస్‌ఫెట్ కూడా షార్టయి ఉంటే 12 వోల్టులు సూటిగా ఒక వోల్టు చిప్పులోకి దిగి, ఉన్న ప్రాణం కాస్తా పోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పెట్టాం. వెలిగింది. ఖర్చు ఆల్కహాల్ సీసా, పాత పవర్ సప్లైకి పద్దెనిమిది వందలు. ఆ లైను మీద అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఆ కెపాసిటర్ లేకుండానే కార్డు ఇప్పటికీ నడుస్తోంది. కొత్తది పెడదామంటే ఎంతదో తెలియదు. ఈ చిన్న కెపాసిటర్ల మీద అంకె వేయరు.

ఇది చదివి ఎవరైనా అంతేనా అనుకుంటే పొరపాటు. తర్వాత మా మేనల్లుడి స్నేహితుడి కార్డు వచ్చింది. తెర మీద ఆకుపచ్చ గళ్ళు. అది మెమరీ చిప్పుల రోగం. ఏది పోయిందో తేలాక దాన్ని మార్చబోయాను. ఒక్కో మెమరీ చిప్పు కింద ఆవాల్లాంటి సోల్డర్ గుండ్లు 180 ఉంటాయి. సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దాకా కరగదు, పైగా బోర్డులోని రాగి పొరలు వేడినంతా పీల్చేస్తాయి. కింద నుంచి బోర్డును ముందు నిదానంగా వేడి చేయాలి. నేను తొందరపడి పైనుంచే బ్లోయర్ పెట్టి, కరిగిందనుకుని లాగాను. చిప్పుతోపాటు కింద రాగి చుక్కలు నాలుగు ఊడొచ్చాయి. ఆ కార్డుకు నాలుగు వేలు నా చేతి నుంచి కట్టాను. కుర్రాడు వద్దన్నాడు, నాన్న ఇప్పించారు.

ఓవెన్‌లో పెట్టి కాల్చే చిట్కా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వారానికొకరు అడుగుతారు. వద్దు. 2008లో ఎన్‌విడియా తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల ప్యాకింగులో బలహీనమైన పదార్థం వల్ల అవి పోతున్నాయని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు అందుకోసం కేటాయించింది. కాలిస్తే బతికే కార్డుల కథలు బాగా తిరిగింది ఆ కాలంలోనే. వేడికి చిప్పు లోపలి అతుకులు కాసేపు అంటుకుంటాయి, కొన్ని రోజులకో వారాలకో మళ్ళీ అదే కథ. అయినా అదే ఓవెన్‌లో పిల్లలకు కేకు చేస్తారా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. మా వీధి దాకా రాలేదు గానీ, నీళ్ళు తీశాక అక్కడి రోడ్ల పక్కన ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లు గుట్టలుగా పడి ఉండటం చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. యానిమేషన్ నేర్చుకుంటున్న ఒక డిగ్రీ కుర్రాడి సీపీయూ మంచం కింద ఉండి రోజుల తరబడి బురదనీళ్ళలో నానింది. అమ్మకు తెలియకుండా ఈఎంఐలో కొన్న కార్డట అది. అతని వెంట ఇంకో నలుగురి కార్డులూ వచ్చాయి. మొత్తం అయిదు.

తడిసిన కార్డును నీళ్ళు చంపవు, ఆత్రం చంపుతుంది. పైన ఆరిందని స్విచ్ వేస్తే అంతే, తడి మీద కరెంటు పారిన చోటల్లా రాగి తినేస్తుంది. మేము ముందు మామూలు నీళ్ళతోనే బురద కడిగాం. తర్వాత ఆటోనగర్ నుంచి లారీ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చి, మెత్తటి టూత్‌బ్రష్‌తో సందులన్నీ కడిగి, చివర్న ఆల్కహాల్ పోసి, నీడలో ఫ్యాన్ కింద రెండు రోజులు ఉంచాం. ఫ్యాన్లు, చిప్పుల వేడిని లాగే పేస్టు, ప్యాడ్లు కొత్తవి వేశాం. అయిదింటిలో రెండు వెంటనే లేచాయి. రెండు లేవలేదు, వాటిని స్క్రాప్‌కే ఇచ్చాం.

అయిదోది ఆ ఈఎంఐ కుర్రాడిది. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. 5 వోల్టులు వచ్చాయి, 1.8 వచ్చింది, అక్కడితో ఆగిపోయింది. తాళి దగ్గర ఆగిన పెళ్ళి. పెద్ద చిప్పుకు కరెంటు అందేలా చూసే ఐసీకి (చిన్న చిప్పుకు) 'ఇక మొదలుపెట్టు' అన్న సంకేతం అందడం లేదు. భూతద్దంలో చూస్తే ఆ ఐసీ కాలి పక్కన ఒక రెసిస్టెన్స్ పచ్చగా చిలుమెక్కి ఉంది. బ్రష్ తగలగానే పొడిలా రాలిపోయింది. ఒక మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. కొత్తది కొంటే రూపాయి కూడా కాదు. కానీ ఎన్ని ఓంలది? అంత చిన్నదాని మీద అంకె ఉండదు. సున్నా కావచ్చు, లక్ష కావచ్చు. ఊహించి ఏదో ఒకటి పెట్టడానికి లేదు. అదే రెసిస్టెన్స్ వోల్టేజి ఎంతుండాలో నిర్ణయించే చోటుదైతే, తప్పు అంకె పెట్టిన మరుక్షణం చిప్పు కాలిపోతుంది.

ఫోన్ గ్రూపుల్లో ఎవరో ఎక్కడి నుంచో బయటికి తెచ్చిన డయాగ్రం ఫైళ్ళు చేతులు మారుతుంటాయి. అడిగాను. ఒకాయన అయిదు వందలు తీసుకుని పంపించింది వేరే మోడల్‌ది. చివరికి అదే మోడల్ చచ్చిన కార్డు ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికితే, దాని మీద ఆ చోట కొలిచాం. పదివేల ఓంలు. పెట్టగానే లేచింది. రూపాయి చేయని వస్తువు కోసం రెండు నెలల పది రోజులు! ఈలోగా ఆ కుర్రాడు కోర్సులో ఒక బ్యాచ్ వెనకబడ్డాడు, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాడు.

నేను కంపెనీల గుట్టు అడగడం లేదండీ. చిప్పు లోపల ఏముందో మాకు అక్కర్లేదు, చెప్పినా అర్థం కాదు. బోర్డు మీద కరెంటు వచ్చే భాగం బొమ్మ, ఏ చోట ఎంత వోల్టేజి, ఏ రెసిస్టెన్స్ ఎంత, ఇంతే. అది కూడా కార్డు మార్కెట్లోంచి పోయాక, వారంటీ అయిపోయాక ఇవ్వండి చాలు. డయాగ్రం ఇస్తే కాపీ కొడతారంటారు. కాపీ కొట్టే ఫ్యాక్టరీకి బోర్డును పొర పొరగా గీకి చూసుకునే సత్తా ఉంటుంది. ఆగిపోయేది సత్యనారాయణపురంలో టేబుల్ లైటు కింద కూర్చున్న మాలాంటివాళ్ళే.

కేంద్రంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు ముందు చూస్తామన్నారు. పోర్టల్ కూడా పెట్టారు. నేను చూశాను. సర్వీసు సెంటర్ల వివరాలు, వారంటీ వివరాలు కనిపించాయి, నాకు కావలసిన బొమ్మ కనిపించలేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల్లో రీసైక్లర్‌తోపాటు రిఫర్బిషర్ అనే మాట కూడా ఉంది, అంటే బాగుచేసి మళ్ళీ వాడకంలోకి తెచ్చేవాడు. బొమ్మ లేకుండా ఆ బాగుచేసేవాడు బాగుచేసేది ఎలా? మీ కథనంలో ఆ రెండో మాట ఎక్కడా లేదు. నాన్నకు కోపం వచ్చింది అక్కడే.

మా పక్కింటి అమ్మాయి డిప్లొమా ఈసీఈ చివరి ఏడాది. 12 వోల్టులను ఒకటికి దించే బక్ కన్వర్టర్ బొమ్మ పరీక్షలో వేసి మార్కులు తెచ్చుకుంది. నా కార్డు చేతికిచ్చి అది ఇందులో ఎక్కడుందో చూపించమంటే తెల్లమొహం వేసింది. పక్కన కూర్చోబెట్టుకుని కాయిల్ ఇది, మాస్‌ఫెట్ ఇది అని వేలుపెట్టి చూపించేసరికి, 'ఓ, ఇదేనా ఆంటీ!' అంది. ఇప్పుడు సాయంత్రాలు వచ్చి మీటరు పట్టుకుంటోంది. నాకంటే చెయ్యి స్థిరంగా ఉంది. లారీ ఇంజిను నట్టు నట్టు విప్పి మళ్ళీ రోడ్డెక్కించే ఆటోనగర్ ఉన్న ఊరు మనది. పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు స్క్రాప్ కొట్ల నుంచి కిలోల లెక్కన నాలుగు బస్తాల చచ్చిన బోర్డులు కొని పిల్లల ముందు పోస్తే పెద్ద ఖర్చు కూడా కాదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకు ఒక మాట. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తవ్వకం అక్కర్లేని పద్ధతికి మారాక, ఆ పనికి వాడిన కార్డులు చాలా మార్కెట్లోకి వచ్చాయి. అవన్నీ చెడ్డవి కావు. కానీ కొనేముందు మీ ఎదురుగా అరగంట బరువైన గేమ్ ఏదైనా నడిపించమనండి. ఫోటో చూసి డబ్బు పంపకండి.

అన్నట్టు, నా పేరు వేయకండి. ఇదే ఊళ్ళో ఇవే షాపుల్లో రేపు నాకు పని పడుతుంది.

ఇంకొకటి. మూఢం రోజుల్లో నాన్న ఖాళీగా కూర్చోలేక, మీటరుతో ఒక్కో దారీ పట్టుకుని వెతుకుతూ, నా 3060 కార్డు కరెంటు భాగాన్ని మొత్తం పెన్సిల్‌తో గీశారు. తిథులు, వర్జ్యాలు ఉన్న క్యాలెండర్ మే, జూన్ కాగితాల వెనక. వరద కార్డుల తర్వాత ఇంకో మూడు కార్డులవి గీశారు. ఇప్పటికి పదకొండు కాగితాలయ్యాయి. కెపాసిటర్ తీసేసిన చోట మాత్రం విలువ రాయకుండా ప్రశ్నార్థకం పెట్టారు. మొదటి రెండు కాగితాలకు జిరాక్స్ తీయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బాగుచేసేవాళ్ళు ఎవరైనా మీ ఆఫీసుకొచ్చి అడిగితే ఇవ్వండి. తిరిగి పంపనక్కర్లేదు.

ఇట్లు,
ఒక పెళ్ళి వీడియో ఎడిటర్,
సత్యనారాయణపురం, విజయవాడ.